మా బడి లైబ్రరీ పీరియడ్: వారం వారం ముచ్చట్లు

బడిగంట
ఆగస్టు 23, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. జూన్‌లో బడి తెరవగానే లైబ్రరీ బాధ్యత నాకు అప్పగించారు. బాధ్యత అంటే ఒక ఇనప బీరువా, దాని తాళంచెవి, ఒక స్టాక్ రిజిస్టరు. లెక్క పెడితే 412 పుస్తకాలు తేలాయి. సగం పుస్తకాలకు జిగురు వాసన కూడా పోలేదు, అంత కొత్తవి. ఎవరూ తెరవలేదన్నమాట.

బొమ్మల పుస్తకాలు పలచగా ఉంటాయి కదా, బీరువాలో నిలబెడితే వీపు కనిపించదు, పేరు కనిపించదు. అందుకని గది పొడుగునా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీశాను. వారానికో అంశం అనుకున్నాను. ఈ వారం 'సముద్రం'. తిమింగలాలు, పగడాలు, జలకన్యలు, ఓడలు, అన్నీ వేలాడాయి.

మూడో తరగతికి ఏడు చేపల కథ చదివి వినిపించాను. "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" దాకా వచ్చానో లేదో వెనక వరసలోంచి ఒకడు లేచాడు. "ఏటి మేడం, ఆ రాజుగారి కొడుకులకి ఎండబెట్టడం రాదా? ఒకేపు ఎండినాక తిరగెయ్యాల గదా!" పక్క పిల్ల అందుకుంది: "ఉప్పెయ్యనేదేమో." అంతే. గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, చీమ ఎవరికీ అక్కర్లేకపోయింది. నలభై నిమిషాల పీరియడ్‌లో ముప్పై నిమిషాలు వాళ్లే నాకు పాఠం చెప్పారు. నా తిమింగలాల వైపు ఒక్కరూ చూళ్లేదు.

తర్వాత ఆ పిల్లాడే పుస్తకం అడిగి తీసుకుని, గట్టిగా, వేలు పెట్టి చదవడం మొదలెట్టాడు. "సేపా సేపా ఎందుకెండలేదు." అటుగా వెళ్తున్న తోటి టీచరొకరు "సేప కాదురా, చేప" అని దిద్దారు. ఆవిడ కోపంగా కూడా అనలేదు. వాడు పుస్తకం మూసి, బల్ల మీద బోర్లా పెట్టి, వెళ్లి గోడ పక్కన కూర్చున్నాడు.

నా ప్రశ్న ఇదే. దిద్దాలా, వద్దా? ఇంకోటి, వచ్చే వారం ఏం అంశం పెట్టమంటారు?


గాజువాక_అమ్మ
ఆగస్టు 23, రాత్రి 9:48

కథ చదివి నవ్వొచ్చింది కానీ, నా ఓటు దిద్దాలనేదానికే. మా అబ్బాయి నాలుగో తరగతి. వాళ్ల నాన్నమ్మ దగ్గర పెరిగాడు, 'సెప్పు, సూడు' అనేవాడు. బడిలో తోటి పిల్లలు ఎంత ఏడిపించారో నాకు తెలుసు. టీచరు మెల్లగా దిద్దితే మానతాడు, పిల్లలు దిద్దితే ఏడుస్తాడు. ఏది మేలు?


పుస్తకాలపురుగు
ఆగస్టు 23, రాత్రి 10:15

నేను శనివారాలు ఒక బస్తీలో పిల్లలకి కథలు చదివి వినిపిస్తుంటాను. నాకు తెలిసిన తేడా చెప్తాను. 'చేప' అని ఉన్నచోట పిల్లాడు 'చెప్పు' అని చదివితే అది చదవడంలో తప్పు. అక్షరం పట్టుకోలేదు. 'సేప' అని చదివితే అక్షరం పట్టుకున్నాడు, మాట పట్టుకున్నాడు, అర్థం పట్టుకున్నాడు, ఆ అర్థాన్ని తన ఇంటి గొంతుతో పైకి చెప్పాడు. చదవడం అనే పని అక్కడితో పూర్తయిపోయింది. రాసేటప్పుడు 'సేప' అని రాస్తే అప్పుడు చూద్దాం.

'ఎండలేదు' అన్నది వాడు 'ఎండలేదు' అనే చదివాడు, గమనించారా? వాళ్లింట్లో అయితే 'ఎండనేదు' అంటారు. అంటే వాడు కంటితో చూసే చదువుతున్నాడు, బట్టీ కాదు.


బడిగంట
ఆగస్టు 23, రాత్రి 10:22

అయ్యో, అది నేను గమనించలేదండీ!


పెందుర్తి_మాస్టారు
ఆగస్టు 24, ఉదయం 5:35

అమ్మా, ముప్పై నాలుగేళ్లు పంతులుగిరీ చేసి రిటైరైనవాణ్ని. వచ్చే వారం అంశం ఏంటని అడిగావు. కేలెండరు చూడు. ఆగస్టు 29 గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించాలని పుస్తకాలు రాసి, బడులు పెట్టించిన మనిషి. బడిపుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగు ఉండాలని ఆయన పోరాడుతుంటే, తోడు నిలిచినవాళ్లు ముఖ్యంగా ముగ్గురు. ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ, స్కూళ్ల ఇనస్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, మన విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు. అంటే ఈ గొడవంతా మన గడపలోనే పుట్టింది. నూరేళ్లు దాటాక, అదే గడపలో, ఒక మూడో తరగతి పిల్లాడు 'సేప' అన్నందుకు పుస్తకం బోర్లా పెట్టాడు.

గాజువాక అమ్మగారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఏడిపించినవాళ్లని దిద్దాలి గాని ఏడ్చినవాణ్ని కాదు. నేను కూడా నా ఉద్యోగం మొదట్లో చాలామందిని దిద్దాను. వాళ్లలో కొందరు పెద్దవాళ్లై బజార్లో కనిపిస్తే ఇప్పటికీ నాతో జాగ్రత్తగా, పుస్తకంలోలా మాట్లాడతారు. భార్యతో మామూలుగా మాట్లాడుతూ, నా వైపు తిరగ్గానే గొంతు మార్చేస్తారు. అది నాకు సంతోషంగా ఉండదు.


సముద్రంపక్కన
ఆగస్టు 24, మధ్యాహ్నం 1:20

మాది జాలరిపేట. ఆ గుంటడెవడోగానీ కరెక్టు చెప్పాడు. నెత్తళ్లు చిన్నవి కాబట్టి కడిగి ఇసకలోనో, వల మీదో పరిచేస్తే ఎండకి ఎండిపోతాయి. సావిడాయిలు పొడుగ్గా ఉంటాయి, తాడు మీద వేలాడదీస్తారు, అచ్చం మేడం గారు పుస్తకాలకి కట్టినట్టు. పెద్ద చేపలైతే కడుపు చీల్చి, పేగులు తీసి, ఉప్పు పట్టించి, అప్పుడు ఎండలో పెట్టాలి. తిరగెయ్యకపోతే కిందేపు మెత్తగా ఉండిపోయి పురుగు పడతాది. రాజుగారి కొడుకులు ఇవేవీ చెయ్యలేదు. చీమని నిందించి ఏం లాభం?

ఇంకోమాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మాకు వేట ఆపేస్తారు. బళ్లు తెరిచే టైముకి ఇళ్లల్లో చేతిలో డబ్బుండదు. జూన్‌లో నోటు పుస్తకాలు తేలేదని మా పిల్లల్ని నిలబెట్టొద్దని టీచర్లందరికీ చెప్పాలనిపిస్తాది. ఇక్కడ చెప్పేశాను.


బడిగంట
ఆగస్టు 30, రాత్రి 8:50

మాస్టారి మాట విన్నాను. ఈ వారం అంశం 'మా ఇంటి మాట'. నల్లబల్ల మధ్యలో గీత గీసి, ఒకవైపు 'ఇంట్లో', ఇంకోవైపు 'పుస్తకంలో' అని రాశాను. ఇంట్లో 'కూకో', పుస్తకంలో 'కూర్చో'. ఇంట్లో 'ఏటి', పుస్తకంలో 'ఏమిటి'. 'ఎలిపోనాడు', 'వెళ్లిపోయాడు'. 'నేదు', 'లేదు'. బల్ల చాల్లేదు, గోడకి చార్టులంటించాం. ఒరిస్సా నుంచి పనికొచ్చిన కుటుంబం పిల్ల ఒకతె, జూన్ నుంచి నోరు తెరవనిది, వచ్చి "మాఛొ" అంది. చేప అన్నమాట. దానికి విడిగా ఇంకో గడి కట్టాల్సొచ్చింది. ఇంకొకడు హిందీలో మఛ్లీ అన్నాడు.

ఇక మన ఎండుచేపల నిపుణుడు. సముద్రంపక్కన గారు రాసింది ప్రింటు తీసి వాడికిచ్చి, క్లాసులో చదవమన్నాను. "తిరగెయ్యకపోతే కిందేపు మెత్తగా ఉండిపోయి" అనే చోట ఆగి, "సూసేరా, నాను సెప్పనేదా" అని చుట్టూ చూశాడు. చదివిన కాయితం నాకివ్వలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడు చేపల పుస్తకం ఇంటికి తీసుకెళ్తానన్నాడు. ఇచ్చాను.


గాజువాక_అమ్మ
ఆగస్టు 30, రాత్రి 9:05

సరే, నేను ఓడిపోయాను. కానీ ఇంగ్లీషు పుస్తకాల సంగతేంటి? పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉన్నప్పుడు లైబ్రరీ అంతా తెలుగైతే ఎలా?


పుస్తకాలపురుగు
ఆగస్టు 30, రాత్రి 9:30

ఒకే పేజీలో పైన తెలుగు, కింద ఇంగ్లీషు ఉండే పుస్తకాలు బళ్లలో బాగానే ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్టు, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు రెండూ 1957 నుంచీ ఉన్నాయి, తెలుగులో బొమ్మల పుస్తకాలు వేశాయి. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో వేరువేరు భాషల్లో కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు కూడా తీసుకోవచ్చు. ఒకటే కథని ముందు తెలుగులో చదివినవాడు ఇంగ్లీషు పేజీకి భయపడడు, కథ ఎటు పోతుందో తెలుసు కాబట్టి. తెలియని కథని తెలియని భాషలో ఇస్తేనే పారిపోతాడు.

అసలు నాకు ఈ 'వారానికో అంశం' మీదే కొంచెం అనుమానం. అది పెద్దవాళ్ల సరదా. పిల్లాడికి ఈ వారం ఏనుగు కావాలి, మీ అంశమేమో వర్షం. ఏం చేస్తారు?


బడిగంట
సెప్టెంబరు 2, సాయంత్రం 6:15

పురుగుగారూ, మీ మాట గుచ్చుకుంది, నిజం కాబట్టి. ఇప్పుడిలా మార్చాను: అంశం పుస్తకాలు పది మాత్రం ఒక చేటలో బల్ల మీద. తాడు మీద ఏవైనా ఉంటాయి, ఎవరికేది కావాలంటే అది. చదివి వినిపించేది మాత్రం చేటలోంచే. ఏనుగు కావాలన్నవాడికి ఏనుగే.


బడిగంట
సెప్టెంబరు 11, రాత్రి 9:20

సాయం కావాలి. రెండు వారాలుగా వాన. బీరువా వెనక గోడ చెమ్మెక్కి, కింది అరలో అరవై పుస్తకాలకి బూజు. కొన్ని తడిసి ముద్దయ్యాయి. రేపు ఎండ వస్తే డాబా మీద పరిచేద్దామనుకుంటున్నాను.


అల్లిపురం_బైండరు
సెప్టెంబరు 11, రాత్రి 9:41

ఎండలో పెట్టకండమ్మా! అట్టలు వంకర్లు పోతాయి, రంగులు వెలిసిపోతాయి. పుస్తకాలు ఎండుచేపలు కావు.

నున్నటి మెరిసే కాయితం పుస్తకాలు ముందు తియ్యండి, ఈ రాత్రికే. అవి తడి మీదుండగానే పేజీలు విడదీసి మధ్యలో పాత న్యూసుపేపరు పెట్టకపోతే, ఆరాక ఇటుకలా అతుక్కుపోతాయి, ఇక ఎవడూ విడదియ్యలేడు. మామూలు కాయితం పుస్తకాలైతే విసనకర్రలా తెరిచి నిలబెట్టి, ఫ్యాను కింద నీడలో ఆరనివ్వండి. పేపర్లు తడిసినప్పుడల్లా మార్చాలి. బాగా ఆరాక రాత్రికి పైన బరువు పెట్టండి.

బూజు మాత్రం గదిలో దులపొద్దు, పిల్లలు పీలుస్తారు. మూతికి గుడ్డ కట్టుకుని, బయట, మెత్తని బ్రష్షుతో, పొడిగా అయ్యాకే. తడి మీద రుద్దితే కాయితంలోకి పోతుంది. బీరువాని గోడకి జానెడు దూరం జరపండి, కింద ఇటుకలు పెట్టండి, పగలు తలుపులు తెరిచి ఉంచండి. సముద్రం ఊళ్లో మూసిన బీరువాయే బూజుకి పుట్టిల్లు. నలభై ఏళ్ల నుంచి చూస్తున్నాను, జనం చదివి చింపిన పుస్తకం నా దగ్గరికొస్తే బాగుపడుద్ది. చదవకుండా దాచిన పుస్తకమే చెదలు తిని వస్తుంది.


బడిగంట
సెప్టెంబరు 14, రాత్రి 7:30

యాభై రెండు బతికాయి. ఐదో తరగతి పిల్లలు న్యూసుపేపర్లు పెట్టి మార్చారు. పేపర్లు పెడుతూ పెడుతూ పుస్తకాలు చదివేశారు, అదొక అదనపు లాభం. ఒక్కోటీ పొడిగా అయిందో లేదో బుగ్గకి ఆనించి చూసేవాళ్లు.


బడిగంట
సెప్టెంబరు 27, రాత్రి 10:05

ఈ వారం అంశం లేదు. పంచాయితీ జరిగింది. ఇంటికిచ్చిన పుస్తకాల్లో మూడు తిరిగి రాలేదు. ఏడు చేపలది ఒకటి. వాడు పది రోజులుగా బడికి రావట్లేదు, అమ్మమ్మ ఊరెళ్లాడట. పై నుంచి ఒకాయన తనిఖీకి వచ్చి రిజిస్టరు చూసి, "పోతే మీ జీతంలోంచి కట్టాలి, ఇక నుంచి గదిలోనే చదివించండి, తాళం వెయ్యండి" అని వెళ్లారు. తాళం వేశాను. పిల్లలు బీరువా ముందు నిలబడి అద్దంలోంచి చూసినట్టు చూస్తున్నారు. దానికి అద్దం కూడా లేదు, ఉత్త ఇనప తలుపు.


పెందుర్తి_మాస్టారు
సెప్టెంబరు 28, ఉదయం 5:20

గ్రంథాలయ శాస్త్రంలో పెద్దాయన రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయాలకి ఐదు సూత్రాలు రాశారు. మొట్టమొదటిది: పుస్తకాలు వాడుకోవడానికే. ఇంత చిన్న సంగతికి సూత్రమెందుకంటే, ఒకప్పుడు యూరప్‌లో పుస్తకాలని బల్లలకి గొలుసులతో కట్టేసేవారు. మన బీరువా తాళం ఆ గొలుసుకి మనవడు.

తనిఖీకి వచ్చినాయన తప్పు కూడా పూర్తిగా కాదమ్మా, ఆయనకి కాయితం కావాలి. నువ్వు కాయితమే ఇయ్యి. చిరిగినవి, తడిసి పోయినవి, పోయినవి ఒక జాబితా రాసి, హెడ్మాస్టరుగారి చేత, తల్లిదండ్రుల కమిటీ చేత సంతకాలు పెట్టించి తీర్మానం చేయించు. నా సర్వీసులో నేను అలాగే చేశాను, ఏటేటా. తీర్మానం ఉంటే ఎవరి జీతం జోలికీ ఎవరూ రారు. భయపడి తాళం వెయ్యడం కన్నా రెండు పేజీల రాతకోతలు తేలిక.


గాజువాక_అమ్మ
సెప్టెంబరు 28, ఉదయం 8:10

మూడు పుస్తకాలు నేను కొనిస్తాను టీచరుగారూ. బొమ్మల పుస్తకం ఖరీదు ప్లేటు పునుగులంత. తాళం తియ్యండి.


బడిగంట
సెప్టెంబరు 28, రాత్రి 8:00

తీర్మానం రాశాను, సంతకాలయ్యాయి. తాళం తీశాను. ఇంకో మార్పు కూడా: ఇష్యూ రిజిస్టరు పిల్లలకే అప్పజెప్పాను. ఒకటో తరగతి వాళ్లకి పేరు రాయడం రాదు కాబట్టి ఒక్కొక్కరికి ఒక గుర్తు. పడవ, గొడుగు, బొంగరం, పిల్లి. పుస్తకం పేరు పక్కన తన గుర్తు గీస్తే తీసుకెళ్లినట్టు, కొట్టేస్తే తెచ్చినట్టు. పిల్లి గుర్తు వాడికి పిల్లి గియ్యడం ఇష్టం, అందుకని రోజూ పుస్తకం తీసుకుంటున్నాడు.


బడిగంట
అక్టోబరు 13, రాత్రి 9:15

నిన్న అక్టోబరు 12. 2014లో హుద్‌హుద్ తుఫాను మన మీద పడిన రోజు. ఈ పిల్లలకి అది పేరు మాత్రమే. అందుకని ఈ వారం చేటలో గాలివానల పుస్తకాలు, ఇంటికెళ్లి పెద్దవాళ్లనడిగి ఒక పేజీ రాసుకురమ్మన్నాను. హుద్‌హుద్ అంటే తలమీద విసనకర్రలాంటి జుట్టున్న పిట్ట పేరని, ఒమన్ దేశం ఇచ్చిన పేరని చెబితే నమ్మలేదు. పిట్ట పేరు పెట్టుకుని ఇన్ని చెట్లు కూల్చిందా అని.

ఇరవై రెండు పేజీలొచ్చాయి. ఒకరి తాత తలుపుకి మంచం అడ్డం పెట్టి దాని మీద రాత్రంతా కూర్చున్నాడు. ఒకరి అమ్మకి కరెంటు లేని రోజుల్లో కొవ్వొత్తి వెలుగులో పెళ్లిచూపులయ్యాయి. ఒక అమ్మమ్మ చెప్పిందట, గాలి ఆగాక కంబాలకొండ వైపు చూస్తే కొండకి గుండు కొట్టించినట్టుందని. ఈ పేజీలన్నీ బైండు చేయించి తాడు మీద పెడితే మిగతావన్నీ వెలవెలబోయాయి. అల్లిపురం గారూ, మీరు బైండు చేసిచ్చి డబ్బులు తీసుకోలేదు, ఇక్కడైనా థాంక్స్ చెప్పనివ్వండి.


అల్లిపురం_బైండరు
అక్టోబరు 13, రాత్రి 9:50

బైండు చేస్తూ చదివాను. నా కొట్టు రేకులు ఎగిరిపోయిన రోజే అది. నన్నెవరూ అడగలేదు గాని, అడిగితే నేనూ ఒక పేజీ రాసేవాణ్ని.


బడిగంట
అక్టోబరు 13, రాత్రి 9:53

ఇప్పుడు అడుగుతున్నాను. చివర ఖాళీ కాయితాలున్నాయిగా, మీరే వేశారు.


పుస్తకాలపురుగు
నవంబరు 5, సాయంత్రం 5:40

నవంబరు 14 నుంచి 20 గ్రంథాలయ వారోత్సవాలు. ఏం ఆలోచించారు? నా సూచన పడవ లైబ్రరీ. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరికీ తిప్పారు. మీ పిల్లలకి పడవంటే వేరే చెప్పక్కర్లేదు కదా. ఐదో తరగతి వాళ్లని ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి కూడా తీసుకెళ్లండి, పెద్ద లైబ్రరీ ఎలా ఉంటుందో చూస్తారు.

ఫిబ్రవరికి ఇప్పుడే ఒకటి రాసిపెట్టుకోండి: తాబేళ్లు. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి ఒక్కోటీ సుమారు వంద గుడ్లు పెట్టేది ఆ రోజుల్లోనే. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలవుతాయి. ఇసక వేడిని బట్టి ఆడో మగో తేలుతుందంటే మీ పిల్లలు ఎన్ని ప్రశ్నలేస్తారో ఊహించుకోండి.


సముద్రంపక్కన
నవంబరు 5, రాత్రి 8:30

పడవ నేను తెస్తాను మేడం. మా తమ్ముడి పాత ఫైబరు తెప్ప ఒకటుంది, వేటకి పనికిరాదు. ఆటోట్రాలీలో వేసుకొచ్చి బడి ముందు దించేస్తాం. చేపల వాసన మాత్రం పోదు, ముందే చెప్తున్నాను.


బడిగంట
నవంబరు 15, రాత్రి 9:30

తెప్ప వచ్చింది! వేపచెట్టు కింద పెట్టాం. పుస్తకాలు అడుగున చాపేసి పరిచాం, పిల్లలు అంచుల మీద కూర్చుని చదివారు. వంతుకి ఎనిమిది మంది, అంతకు మించితే ఒరిగిపోతోంది, నేల మీద కూడా. ఒక తల్లి పిల్లని తీసుకెళ్లడానికొచ్చి, తనూ ఎక్కి కూర్చుని, అక్షరాలు కూడబలుక్కుంటూ నాలుగు పేజీలు చదివింది. నేను చూడనట్టు నటించాను.

ఇంకోటి. మన నిపుణుడు అమ్మమ్మ ఊరినుంచి వచ్చేశాడు. ఏడు చేపల పుస్తకం తెచ్చాడు. అట్ట ఊడింది, మూడో పేజీలో నూనె మరక. చేపలు ఎండబెట్టే బొమ్మ పక్కన పెన్సిలుతో రాసి ఉంది: 'తిరగేయాలి. ఉప్పు'. అమ్మమ్మకి రోజూ చదివి వినిపించాడట, ఆవిడ రాయమందట. లైబ్రరీ పుస్తకం మీద రాయకూడదని చెప్పాలి. రేపు చెప్తాను.

పుస్తకమంతా ఎండు నెత్తళ్ల వాసన. బీరువాలో పెడితే మిగతావాటికి పడుతుంది, అందుకని తెప్పలోనే వదిలేశాను. అప్పటికే రెండో తరగతి పిల్లలిద్దరు రిజిస్టరులో ఒకే గీత మీద గొడుగు, బొంగరం గీసేసి, ముందెవరిదని కొట్టుకుంటున్నారు.